అక్కడ వైఫై ఉందా?

"ఈ జోకు చూసి నవ్వినవాళ్లు చేతులెత్తండి," అంది లెక్చరర్.

హాల్లో దాదాపు అన్ని చేతులూ లేచాయి. చివరి వరసలో కూర్చున్న డిజైనర్ మాత్రం ఎత్తలేదు. తన జోకుకి తనే చెయ్యెత్తడం బాగుండదని కాదు. ఆమె గొంతులో ఏదో వల పన్నినట్టు తోచింది.

తెర మీద ఒక ఆసుపత్రి మంచం. పక్కన ట్యూబుల మధ్య ఒక ఫోన్. ఫోన్లో మేనేజర్ మెసేజ్: "మీ నాన్నగారు ఐసీయూలో ఉన్నారట, సారీ. అక్కడ వైఫై ఉందా?" అడుగున 'ఏడుపుగొట్టు' అనే పేజీ ముద్ర.

చావు మీదా, రోగం మీదా, ఉద్యోగం మీదా జోకులు వేసే ఆ పేజీని నడిపేది ఎవరో డిజైనర్‌కీ, అదే కాలేజీలో చదువుతున్న అతని చెల్లెలికీ తప్ప ఎవరికీ తెలీదు. "అన్నయ్యా, నీ జోకు మీద మా మేడమ్ ఉపన్యాసం ఇస్తోంది. కాలర్ ఎగరేసుకుంటూ రా!" అని లాక్కొచ్చింది చెల్లెలే.

ఎగరేద్దామనుకున్న కాలర్ ఇప్పుడు మెడకి బిగుసుకుంటోంది.

"ఇది తిరుగుబాటులా కనిపిస్తుంది," అంటోంది లెక్చరర్. వయసు చిన్నదే, మాట మాత్రం కత్తి. "కానీ విమర్శ సిద్ధాంతం మనల్ని ఒక మొండి ప్రశ్న వెయ్యమంటుంది. ఈ నవ్వు వల్ల లాభం ఎవరికి? నవ్వాం, పక్కవాడికి పంపాం, గుండె బరువు దిగింది. మర్నాడు బుద్ధిగా అదే ఆఫీసుకి వెళ్లాం. కోపం రావాల్సిన చోట నవ్వొచ్చిందంటే, ఆ నవ్వు యజమానికే ఊడిగం చేస్తున్నట్టు. ఇది వేసినవాడు తెలివైనవాడు. పిరికివాడు కూడా."

"మేడమ్!" డిజైనర్ లేచి నిలబడ్డాడు. చెల్లెలు చొక్కా పట్టుకుని లాగింది. ఆగలేదు. "ఆ పిరికివాణ్ణి నేనే."

హాలంతా వెనక్కి తిరిగింది.

"ఆ మంచం మీద ఉన్నది మా నాన్న. ఆ మెసేజ్ నిజంగా వచ్చింది. మా మేనేజర్ నా ఏడుపుని పనికి వాడుకుందామనుకున్నాడు. మీరు పాఠానికి వాడుకున్నారు. ఇద్దరికీ తేడా ఏంటో మీ సిద్ధాంతంలో ఉందా?"

లెక్చరర్ మొహం పాలిపోయింది. నోరు తెరిచింది. కానీ అప్పటికే అతను గుమ్మం దాటాడు.

బయట వాన. మామూలు వాన కాదు, అతని తరఫున ఎవరో ఆకాశంతో గొడవ పడుతున్నట్టు కురుస్తోంది. గొడుగు లేదు. కోపంగా బయటికి వచ్చినవాడు తడుస్తానేమోనని మెట్ల మీద ఆగిపోవడమంత అవమానం ఇంకోటి లేదు.

వెనక నుంచి అడుగుల చప్పుడు. లెక్చరర్ ఆయాసపడుతూ వచ్చి పక్కన నిలబడింది. చేతిలో గొడుగుంది. విప్పలేదు.

"పిరికివాడు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. తప్పే. మిగతాది మాత్రం తీసుకోను."

"క్షమాపణ చెప్పడానికొచ్చారా, మిగతా పాఠం చెప్పడానికా?"

"రెండిటికీ. తర్వాతి స్లైడ్ చూడకుండానే వచ్చేశారు." ఫోన్ అతని ముందుకు పెట్టింది.

అదే జోకు. కింద ఎవరో రాశారు: "కష్టంలోనూ నవ్వగలగడం, నవ్వుతూ పని చెయ్యగలగడం, ఇదే మా టీమ్ సంస్కృతి!" పక్కన పకపకా నవ్వే బొమ్మలు. రాసింది ఎవరో కాదు, అతని మేనేజరే. తన మెసేజేనని గుర్తు కూడా పట్టలేదు.

డిజైనర్ ఆ వాక్యం మళ్లీ చదివాడు.

"నా జోకుని మింగేశాడు," అన్నాడు.

"అరిగించుకున్నాడు కూడా," అంది ఆమె. "నా కోపం మీ మీద కాదు. ఇదిగో, దీని మీద."

"మీకెందుకండీ ఇంత కోపం? మీ నాన్న కాదుగా అక్కడుంది."

లెక్చరర్ వాన వైపు చూసింది. "మా అక్క. నెట్‌లో జనం పెట్టే భయంకరమైన ఫొటోలు, వీడియోలు రోజంతా చూసి తీసేయడం దాని ఉద్యోగం. ఇంటికొచ్చి వాటి మీద జోకులేసేది. అబ్బో, ఎంత నవ్వించేదో! మేమంతా పడీపడీ నవ్వాం. ఒకరోజు గదిలోంచి బయటికి రాలేదు. తలుపు పగలగొట్టాల్సొచ్చింది." ఆమె గొడుగుని ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది. "బతికింది. ఇప్పుడు పర్లేదు. కానీ అన్నాళ్లు అది అరుస్తుంటే మేం చప్పట్లు కొట్టాం. అప్పట్నుంచీ ఇలాంటి జోకు కనబడితే నాకు నవ్వు రాదు. విప్పి చూడాలనిపిస్తుంది."

అతను ఆమె చేతిలోంచి గొడుగు తీసుకుని విప్పాడు. బస్టాప్ దాకా ఇద్దరూ నడిచారు. గొడుగు చిన్నది, పంతాలు పెద్దవి. చెరో భుజం తడిసింది.

ఆ తర్వాత వాళ్లు పోట్లాడుకోవడానికి కలవడం మొదలుపెట్టారు. కాలేజీ ఎదుట టీ కొట్టు దగ్గర కొత్త జోకు చూపించేవాడు. ఆమె కూరగాయ తరిగినట్టు తరిగేది.

"ఇందులో వెక్కిరించింది అనాథని. అనాథాశ్రమం నడిపేవాణ్ణి వదిలేశారు. జోకు బలహీనుణ్ణే కొట్టింది. తీసెయ్యండి."

"మీతో సినిమాకెళ్తే హీరోకి కూడా మార్కులేస్తారేమో!"

"తప్పుతాడు."

"మేడమ్‌గారి కళ్లు మాత్రం కోపంలో బాగుంటాయి. దీనికేమంటుంది సిద్ధాంతం?"

"మాట మారుస్తున్నారు అంటుంది," అంది ఆమె. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

చెల్లెలికి ఇదంతా పండగే. "అన్నయ్యా, మీరు ప్రేమించుకుంటున్నారా, పరీక్ష రాస్తున్నారా?"

ఇంతలో ఆఫీసులో మీటింగ్ పెట్టారు. మేనేజర్ గోడంత తెర మీద ఆ జోకే వేయించాడు. "చూశారా? ఎవరో అజ్ఞాత హాస్యప్రియుడు! ఇలాంటి స్పిరిట్ మనకి కావాలి. పోస్టర్లుగా వేసి ఫ్లోర్ ఫ్లోర్‌కీ అంటిద్దాం."

అందరూ నవ్వారు. డిజైనర్ చెవుల్లో మాత్రం వాననాటి మాట మోగింది: మేం చప్పట్లు కొట్టాం.

లేచాడు. ఫోన్ తెచ్చి బల్ల మీద, మేనేజర్ ముందు పెట్టాడు. "ఆ జోకు నాది సార్. మెసేజ్ మీది. చదువుకోండి."

మేనేజర్ చదివాడు. నవ్వబోయాడు. "అరె... సరదాగా అడిగిందేగా! నువ్వూ సరదాగానే తీసుకున్నావు, జోకు వేశావు కదా."

"అది సరదా కాదు సార్. కోపం. బయటికి అనే ధైర్యం లేక నవ్వు మొహం తొడిగాను. ఆ మొహాన్నే మీరు గోడకి అంటిస్తానంటున్నారు. మా నాన్నకి నోట మాట రాని రోజున నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని మీరడిగిన ఆఫీసు పోస్టర్ చేసిచ్చాను. నాకు సిగ్గేస్తోంది. మీకూ వెయ్యాలి."

అప్పుడు అకౌంట్స్ చూసే ఆవిడ నెమ్మదిగా అంది: "నన్ను కాన్పయిన మర్నాడే అడిగారు సార్, లాప్‌టాప్ తెచ్చుకున్నానా అని." వెనక నుంచి ఇంకో గొంతు: "మా తమ్ముడు పోయిన రోజు నాతో వీడియో కాల్ పెట్టించారు." ఇక ఎవరూ నవ్వలేదు.

పోస్టర్లు ఆగిపోయాయి. సాయంత్రానికి డిజైనర్ ఉద్యోగం కూడా ఆగిపోయింది.

సామాను సంచిలో వేసుకుని బస్టాప్‌లో కూర్చుని లెక్చరర్‌కి మెసేజ్ పెట్టాడు. "శుభవార్త! ఈ రోజు నుంచి నాకు పని ఒత్తిడి లేదు. పనే లేదు." చివర నవ్వే బొమ్మ.

వెంటనే ఫోన్ మోగింది.

"ఎక్కడున్నారు?"

"జోకు మేడమ్."

"తెలుసు. ఎక్కడున్నారు?"

చెప్పాడు. వచ్చింది. క్లాసు మధ్యలోంచి వచ్చినట్టుంది, వేళ్లకి ఇంకా సుద్దపొడి ఉంది. వచ్చీ రాగానే విరుచుకుపడింది.

"ఏడుపొస్తే ఏడవొచ్చుగా! తిట్టొచ్చుగా! నాక్కూడా నవ్వే బొమ్మ పంపాలా? నేను పరాయిదాన్నా?"

అతను ఏడ్చేశాడు. మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆమె పక్కన కూర్చుని, సుద్ద అంటిన చేతిని అతని వీపు మీద ఉంచింది.

"నాకు మీ మీద ఎంత కోపమో తెలుసా?" అంది కాసేపటికి.

"ఎంత?"

"జన్మంతా పక్కనే కూర్చుని పోట్లాడినా తీరనంత."

అతను తలెత్తి చూశాడు. "ఇది జోకా?"

"నేను జోకులు వెయ్యను."

"అయితే నేనూ వెయ్యకుండానే చెప్తా. నువ్వంటే నాకు ప్రాణం. మొదటిరోజు నన్ను పిరికివాడన్నప్పుడు కొట్టాలనిపించింది. ఇప్పుడు నువ్వు ఒక్కరోజు తిట్టకపోతే తోచట్లేదు."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిన సంగతి ఇద్దరూ గమనించారు. ఎవరూ దిద్దుకోలేదు.

అక్కణ్నుంచి ఆమెని తిన్నగా ఇంటికే తీసుకెళ్లాడు. తండ్రి కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. కుడిచెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు, మాట ముద్దముద్దగా వస్తోంది. ఆఫీసులో జరిగింది దారిలో అతను ఫోన్‌లో చెప్తే, చెల్లెలు అప్పటికే అంతా ఏకరువు పెట్టేసింది. ఉద్యోగం పోయినందుకు తిడతాడేమోనని కొడుకు తల వంచుకుని నిలబడ్డాడు.

"నన్నెందుకు తీసుకెళ్లలేదురా?" అని గద్దించాడు తండ్రి.

"నాన్నా?"

"ఆ మంచం... నాది. కోపం... నాది. వాణ్ణి నాలుగు తిట్టే హక్కు... నాకు లేదా?"

తండ్రి ఆ నాలుగూ అక్కడే మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, ఊపిరి పీల్చుకుంటూ, మేనేజర్ ఎదురుగా ఉన్నట్టే తిట్టాడు. ఒకటి అయింది. రెండయింది. మూడోది గది అదిరేలా వచ్చింది. నాలుగో తిట్టు సగంలో నాలుక మొరాయించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మాట కోసం గాలిలో వెతుక్కుంటున్నాడు.

లెక్చరర్ మోకాళ్ల మీద కూర్చుని, ఆయన చెవిలో ఆ మాట అందించింది.

ఏ క్లాసులోనూ చెప్పలేని మాట అది. తండ్రి దాన్ని అందిపుచ్చుకుని, హాయిగా, పూర్తిగా, గట్టిగా అనేశాడు. తర్వాత ఆ అమ్మాయి వైపు ఓసారి, నోరెళ్లబెట్టిన కొడుకు వైపు ఓసారి చూశాడు.

"పెళ్లెప్పుడురా?" అన్నాడు.