రాజయ్య దినాలనాటి కాఫీ

జర దగ్గరికి జరగండి బిడ్డా. గొంతు పెంచి చెప్పే ముచ్చట కాదిది. ఇందులో చచ్చిపోయిన మనిషి ఒకడున్నాడు, అతనికి వినపడుతుంది.

ఇచ్చోడ రాజయ్యను మట్టి చేసిన నాలుగో రోజు అతని కూతురు వనజ ఫోన్ మోగింది. ఊళ్లో వాళ్లు ఆమెను ఢిల్లీ ఆఫీసులో టైపు కొట్టే పిల్ల అనుకునేవారు. ఆమె ఇంటెలిజెన్స్ ఏజెంట్ అని బాపుకు కూడా చెప్పలేదు. ఇక చెప్పే వీలూ లేదు.

చీఫ్ గొంతు పొడిగా ఉంది. "మీ నాన్న చావుకు కారణం ఆయన తాగిన పుట్టగొడుగుల కాఫీ. వెనుక విదేశీ ముఠా. అనుమతి లేని మందును పొడిలో కలిపి మనుషుల మీద ట్రయల్ చేస్తున్నారు. ఇప్పటికి ఆరు చావులు."

"మా ఇంటికి మళ్లీ వస్తారా?"

"దినాలకు వస్తారు. చావు భయం పట్టిన ఇంట్లో ఆరోగ్యం తొందరగా అమ్ముడుపోతుంది. ముఠాలో మన మనిషి ఒకామె ఉంది. కోడ్ రాసుకో."

మోకాళ్ల నొప్పి పోతుంది, షుగర్ దిగుతుంది, ఇక షుగర్ గోలీలు మానెయ్యమన్నారు ఆ కాఫీ అమ్మినవాళ్లు. రాజయ్య నమ్మి గోలీలు మానేశాడు. పది రోజులు పడుచువాడిలా నడిచాడు. పదకొండో రోజు పత్తి చేనులో పడిపోయాడు. ఇప్పుడు పట్టపగలే వనజకు లోపలి అర్రలోంచి అతని దగ్గు వినపడుతోంది.

పదో రోజు పొద్దున లింగమూర్తి అనే పెద్దమనిషి ఆ కాఫీ నింపిన పెద్ద థర్మాస్‌తో దిగాడు. నిర్మల్‌లో పుట్టానని చెప్పుకున్నాడు. పక్కన తెల్లచీర, నల్లకళ్లద్దాలతో అతని వెంట వచ్చిన నవ్యశ్రీ అనే ఆమె. అరవై మంది చుట్టాలూ ఆమెనే చూశారు.

"వాన ఎక్కడిదాంక వచ్చింది అక్కా?" చీఫ్ ఇచ్చిన కోడ్ మాట అడిగింది వనజ.

"ఇచ్చోడ దాటలే," అంది నవ్యశ్రీ. తర్వాత పెదవులు కదపకుండా, "మందు గా థర్మాస్‌లనే ఉన్నది."

వనజ గాజులో దాచిన, మందును పట్టే స్ట్రిప్‌ను ఓ కప్పు కాఫీలో ముంచింది. నల్లబడితే సాక్ష్యం. దానికి ఆరు నిమిషాలు పడుతుంది. హైవే మీద తమవాళ్ల జీపు ఆమె ఇచ్చే సిగ్నల్ కోసం ఆగి ఉంది. తొందరపడితే లింగమూర్తి గత ఆరుసార్లలాగే జారిపోతాడు.

తల్లి భూమవ్వ మొదటి గ్లాసు తీసి, పిట్టకు, అదే కాకికి, పెట్టిన విస్తరి పక్కన గోడ మీద ఉంచింది. "మీ బాపుకు పాణం గిది. ముందుగాల ఆయన ముట్టాలె."

కాకి వచ్చింది. గ్లాసును చూసింది. ముట్టలేదు. రెండు నిమిషాలు. మూడు. ఎవరూ కప్పు ఎత్తలేదు.

"అన్నకు నీ లగ్గం ఫికరే పిల్లా," అంది మేనత్త పోశవ్వ. "చేసుకుంట అని ఒక్క మాట అను. వస్తడు."

"అత్తా, జర ఆగు."

లింగమూర్తి చేతిగడియారం చూసుకున్నాడు. "సల్లారితే పని చెయ్యది. కాకి కోసం ఎంతసేపు? తాగుండ్రి." అంటూ భూమవ్వ చేతిలో కప్పు పెట్టాడు. మోకాళ్లు పీకుతున్న మనిషి, పెదవుల దాకా ఎత్తింది.

"ఓ సారూ," పోశవ్వ గొంతు చల్లగా ఉంది. "నిర్మల్ల పుట్టినోన్నంటివి. పిట్ట ముట్టకముందు ఎవలన్న నోట్ల చుక్క పోసుకుంటరా? ఏ ఊరోనివిరా నువ్వు?"

భూమవ్వ చేయి ఆగిపోయింది. ఆ ఆగిన క్షణంలో స్ట్రిప్ నల్లబడింది. వనజ కప్పును తోసేసి, గాజు నొక్కి జీపుకు సిగ్నల్ పంపింది. లింగమూర్తి గేటువైపు పరుగెత్తాడు. నవ్యశ్రీ అప్పటికే తాళం వేసింది.

"చెప్పులు మర్చినవు సార్," అంది. జీపు వచ్చి ఆగింది.

వనజ గోడ మీది గ్లాసు పారబోసి మామూలు చాయ్ పెట్టి, తల్లి వైపు చూసింది. "బాపూ, అవ్వకు గోలీ నేనే మింగిస్త. ఫికర్ చెయ్యకు."

చెవి వెనకాలే ఎవరో దగ్గారు. కాకి దిగింది.

పుట్టకొక్కుల, అదే పుట్టగొడుగుల, తప్పేం లేదు బిడ్డా, కూర వండితే కమ్మగా ఉంటాయి. తప్పు మందు కలిపిన చేతిది, గోలీలు మానమన్న నోటిది. ఢిల్లీకి పంపిన రిపోర్టులో, ఆపరేషన్‌కు సాయపడిన వారి పేర్ల దగ్గర వనజ ఒక గడి ఖాళీగా వదిలేసిందట, కాకి అని రాస్తే ఉద్యోగం పోతుందని. మీరు యాదుంచుకుని నలుగురికి చెప్పండి. మీకు ఆ భయం లేదు కదా, ఆ గడి నింపి చెప్పండి.