చక్కెర జంట

ల్యాబ్ జంతుశాల కాపలావాడు తలుపుకి ఆనుకుని కునుకు తీస్తున్నట్టే ఉన్నాడు. భుజం తట్టగానే పక్కకి ఒరిగిపోయాడు. మెడ మీద సూది గాటు. ఊపిరైతే ఆడుతోంది. లోపల బోనులన్నీ నిండుగా ఉన్నాయి, ఒక్కటి తప్ప.

గంట తిరక్కుండా ఏజెంట్ ముంగిసకి కబురందింది.

"పోయినవి ఎలుకలేగా సార్?"

"తీసిపారెయ్యకు. డాక్టరమ్మని అడుగు," అన్నాడు పెద్దాయన.

డాక్టరమ్మ ఆ ల్యాబ్‌లో నల్లజుట్టుతో అడుగుపెట్టిన మనిషి. ఇప్పుడు వెతికినా ఒక్క నల్లవెంట్రుక దొరకదు. ఇంజెక్షన్ ఇచ్చి షుగర్ తెప్పించిన ఎలుకలు ఎక్కడైనా ఉంటాయట. ఈ వంశం అలా కాదు. మనుషుల్లాగే తిని, లావెక్కి, తమంతట తామే జబ్బు తెచ్చుకుంటాయి. రక్తం తీసి కాసేపు ఉంచితే కొవ్వు మీగడలా పైకి తేలుతుంది. కొత్త మందు మనుషుల దాకా రావాలంటే ముందు వీటి దగ్గర నెగ్గాలి. పిల్లల్ని పెట్టే జంట ఇదొక్కటే మిగిలింది. అది సరిహద్దు దాటితే ఆవిడ జీవితమంతా పరాయి ముఠా సంచిలో పడ్డట్టే.

ఆవిడ ఏడవలేదు. ఖాళీ బోనులోంచి తడిపొట్టు ఎత్తిపోస్తూ అంది:

"నీళ్ళు పెట్టారో లేదో. తాగుతూనే ఉంటాయి, పోస్తూనే ఉంటాయి నాయనా. పూటపూటకీ పక్క మార్చాలి."

పెద్దాయన ఒక వాచీ ఇచ్చాడు. ఎలుకల మెడ చర్మం కింద బియ్యపుగింజంత చిప్ ఉంది. దగ్గరికొస్తే వాచీ వణుకుతుంది. ల్యాబ్‌లో పశువైద్యురాలిగా చేరిన తమ ఏజెంటు దొంగ వెనకాలే వెళ్ళిందని, రైల్వే స్టేషన్‌లో కలుస్తుందని కూడా చెప్పాడు.

ముంగిస టీ అమ్మేవాడి వేషంలో ప్లాట్‌ఫారం ఎక్కాడు. ఎదురుగా ఒక ఆడమనిషి. నల్లకళ్ళద్దాలు, సిల్కు స్కార్ఫు, భుజాన ఖరీదైన తోలు బ్యాగు. ఆవిడ నడిచొస్తుంటే కూలీలు కూడా బరువు మరిచిపోయి చూశారు.

"టీలో చక్కెర తగ్గించు."

"తగ్గించడం కాదమ్మా, మానెయ్యండి."

కోడ్ కలిసింది. ఆవిడ మొహం తిప్పకుండానే చెప్పింది.

"చివరి పెట్టె దగ్గర వయొలిన్ మాస్టారు. తొందరగా వెళ్ళు, బండి కదిలిపోతుంది."

ముంగిస వెళ్ళాడు. వాచీ వణికింది. టీ పొయ్యబోతున్నట్టు వంగి వయొలిన్ పెట్టె అడుగు తడిమాడు. టేపు కింద రెండు చిప్పులు, ఆరిన నెత్తురుతో. మాస్టారు మాత్రం పాపం, టీ వేడిగా ఉందా అని అడుగుతున్నాడు.

ఇంత శుభ్రంగా చర్మం కోసి చిప్ తీయగలిగింది పశువైద్యురాలే.

గార్డు విజిల్ ఊదాడు. ముంగిస వెనక్కి తిరిగేసరికి ఆవిడ లేదు. పెట్టెలన్నీ జనం. ఎక్కడని వెతకాలి? ఇందాక ఆవిడ నిలబడ్డచోటికి పరుగెత్తితే సిమెంటు మీద చుక్కలు కనిపించాయి. తన కెటిల్ కారుతోందేమోనని చూసుకున్నాడు. కారడం లేదు. చుక్కల బారు తిన్నగా మొదటి తరగతి పెట్టె మెట్టు దాకా వెళ్ళింది.

కదిలే బండిలోకి దూకాడు. కిటికీ పక్కన ఆవిడ, ఒళ్ళో బ్యాగు, సిల్కు బట్టల మీద తడిమరక. ముంగిసని చూడగానే సిరంజి తీసి బ్యాగులోకి గురిపెట్టింది.

"అడుగు వేశావంటే జంట పోతుంది. నాకు దక్కకపోతే మీకూ దక్కదు."

ముంగిస అడుగు వెయ్యలేదు. నిలబడ్డచోటి నుంచే వేడి టీ ఆవిడ మణికట్టు మీదికి విసిరాడు. సిరంజి జారింది. రెండో చేత్తో గొలుసు లాగాడు.

చేతులకి సంకెళ్ళు పడ్డాక ఆవిడ అడిగింది, ఎలా పట్టావని.

"మీ బ్యాగు చెప్పింది మేడమ్. షుగర్ రోగులు మరి. ఆపుకోలేవు."

డాక్టరమ్మ ముందు నీళ్ళసీసా తగిలించి, తర్వాతే కళ్ళు తుడుచుకుంది. మగ ఎలుక సీసాకి అతుక్కుపోయింది.

సాయంత్రం పెద్దాయన వాచీ వెనక్కి తీసుకుంటూ, ఎలా పనిచేసిందని అడిగాడు.

"టైము మాత్రం కరెక్టుగా చూపించింది సార్," అన్నాడు ముంగిస.