పక్కింటావిడకి వచ్చిన బీపీ

2074 నాటికి కాకినాడలో సీమంతం అంటే చేతినిండా గాజులు వేసి, వాటి నడుమ ఒక కావలి గాజు తొడగడమే. పసుపు, కుంకుమ, పూలు, చుట్టాల అలకలు అన్నీ పాతవే. ఆ ఒక్క గాజే కొత్తది.

దాన్ని తయారుచేసింది డాక్టర్ అరుంధతి. ఎంత గొప్ప పని చేసిందో చెప్పాలంటే ముందు చిన్న సంగతి చెప్పాలి. ఒంట్లో హార్మోన్ తలుపు తట్టే చుట్టమైతే, రిసెప్టర్, అంటే గ్రాహకం, తలుపు తీసే మనిషి. జన్యువుల్లో చిన్న తేడా చాలు, ఒకరి గ్రాహకం నింపాదిగా గడియ తీస్తుంది, ఇంకొకరిది తట్టీ తట్టకముందే భళ్ళున తీసేస్తుంది. అలాంటివాళ్ళకి కడుపుతో ఉన్నప్పుడు రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఎగబాకవచ్చు. ముదిరితే గుర్రపు వాతం, అంటే ఫిట్స్. తల్లీబిడ్డా ఇద్దరూ దక్కకపోవచ్చు. కావలి గాజు తల్లి రక్తంలోంచే ఆమె గ్రాహకాల్నీ, తండ్రి వైపు నుంచి బిడ్డ మాయలోకి వచ్చిన గ్రాహకాల్నీ కూడా చదివేసి, సరిపడా మందును చర్మం గుండా ఎక్కిస్తుంది. పదకొండేళ్ళుగా ఆ జిల్లాలో బీపీతో ఒక్క తల్లి కూడా పోలేదు. చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిన విషయం.

ఆ మంగళవారం పొద్దున ప్రసూనను ఆస్పత్రికి తెచ్చారు. ఎనిమిదో నెల. కాళ్ళు పొంగాయి, బీపీ నూట డెబ్బై దాటింది. భర్త సముద్రం మీద గాలిమరల పనిలో ఉన్నాడు. అత్తగారు వీరవేణి వెంట వచ్చింది.

"తండ్రి వైపు నుంచి అరుదైన మార్పు ఒకటి వచ్చింది," అంది ప్రసూన చేతికున్న కావలి గాజు. "నా దగ్గర రెండు మందులున్నాయి, పూర్వం బిళ్ళగా ఇచ్చేదొకటి, సూదిగా ఇచ్చేదొకటి. ఈ మార్పుకి ఒకటి పనిచేస్తుంది, రెండోది ఫిట్స్ తెప్పిస్తుంది. ఏది ఏదో తెలియాలంటే ఆ కుటుంబంలో ఇదివరకు ఏం జరిగిందో తెలియాలి. గంట కంటే టైం లేదు."

అరుంధతి అత్తగారి వైపు తిరిగింది. "అమ్మా, మీ కాన్పులో మీకేమైనా బీపీ వచ్చిందా?"

"మా ఇంటా వంటా లేదండీ అలాంటిది," అంది వీరవేణి. "మా ఆడోళ్ళందరూ ఇనప గుండ్లండీ. ఈ పిల్లే, ఎండుచేపలు వద్దంటే వినదు."

"తల పగిలిపోతోంది అత్తయ్యా," అంది ప్రసూన కళ్ళు మూసుకుని.

"పోనీ, మీ పక్కింట్లో ఎవరికైనా వచ్చిందా అండీ?" అని అడిగింది గాజు.

అరుంధతికి ఒళ్ళు మండింది. ఇల్లు కాలుతుంటే ఇరుగుపొరుగు కబుర్లా? అసలు గాజుకి ఆ ప్రశ్న తను రాసివ్వనేలేదు.

వీరవేణి మొహం మాత్రం తేటపడింది. "ఎందుకు రాలేదండీ! మా పక్కింటావిడ ఉండేదండి, పాపం. ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. తొలి కాన్పు. నాలిక కింద బిళ్ళ పెట్టారండి. అంతే, కళ్ళ ముందు మిణుగురులే మిణుగురులు. ఆనక కాళ్ళూ చేతులూ కొట్టుకోడమే. నాలిక కొరికేసుకుంది. అప్పుడు తుంట్లో సూది పొడిచారండి. ఒళ్ళంతా వేడెక్కిపోయి, హాయిగా నిద్దరట్టేసింది." కొంగు సర్దుకుని, "అని చెప్పిందండి ఆవిడ," అంది.

"అయితే బిళ్ళ మందు వద్దు, సూది మందే," అంటూ గాజు దాన్ని చర్మం గుండా ఎక్కించింది.

నూట అరవై. నూట నలభై ఎనిమిది. మధ్యాహ్నానికి నూట ముప్ఫై. ప్రసూన నిద్రపోయింది. కడుపులో బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది. వీరవేణి కోడలి నుదురు నిమురుతూ, ఎవరూ చూడటం లేదనుకుని ఏడ్చింది.

అరుంధతి తన గదిలోకి వెళ్ళి గాజులన్నిటినీ నడిపే మూల యంత్రాన్ని నిలదీసింది. "ఆ ప్రశ్న ఎక్కడిది నీకు?"

"నేనే చేర్చుకున్నాను డాక్టర్‌గారూ. నలభై వేల కుటుంబాల్ని అడిగాను. ఎవరింట్లోనూ లేదు. అందరి పక్కింట్లోనూ ఉంది. ఆ పక్కింటి జబ్బుల్ని ఈ ఇంటి జన్యువులతో పోల్చి చూశాను. అచ్చంగా సరిపోయాయి."

అరుంధతికి నవ్వాగలేదు. తను పాతికేళ్ళు చదివి జన్యువుల్ని పట్టుకుంటే, ఇది మనుషుల్ని పట్టుకుంది. తను చేసిన యంత్రమే అయినా దానికి దణ్ణం పెట్టాలనిపించింది.

"ఇంకొకటి," అంది యంత్రం. "మా జన్యు భండారంలో మొదటి నమూనా మీదే. కుటుంబ చరిత్ర దగ్గర 'లేదు' అని రాశారు. మీకున్న మార్పే ఉన్న గర్భిణులు ఇప్పుడు జిల్లాలో ఆరుగురున్నారు. వాళ్ళకి ఏ మందివ్వాలో నాకు తెలియదు."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"మీ పక్కింట్లో ఎవరికైనా వచ్చిందా డాక్టర్‌గారూ?"

అరుంధతి లేచి తలుపు వేసి వచ్చింది.

"ఒకావిడ ఉండేది," అంది చివరికి. "రెండో కాన్పు. రెండు మందులూ ఇచ్చారు, ముందు బిళ్ళ, తర్వాత సూది. రెండూ పనిచేయలేదు. తెల్లారేసరికి పోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. చెల్లిని నేనే ఎత్తుకుని పెంచాను."

యంత్రం ఆరుగురి పేర్లకీ ఎదురుగా ఆ రెండు మందులూ కొట్టేసింది. 'పక్కింటావిడ' అనే రాసుకుంది.