మూడో గదిలో అమ్మ

ఆదివారం పూట ఆ ఇంట్లో ఎవరూ తొందరగా లేవరు. ఆ రోజు మాత్రం పెద్దమ్మాయి తెల్లారకముందే లేచి, హాలుకీ వంటింటికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. పేపరు తీసింది, పెట్టింది. తమ్ముడి దుప్పటి లాగింది. "వాడినెందుకే లేపుతావు, పాపం" అని అమ్మ వంటింట్లోంచే అంది.

ఎందుకంటే దాని ఆరాటం దానిది. ఊరి చివరి వినోదాల పార్కులో కదిలే బొమ్మల షో ఒకటుంది. ఒకే ఇల్లు, ఒకే బొమ్మల కుటుంబం, నిన్న, నేడు, రేపు అని మూడు గదులు. వేదిక తిరిగినప్పుడల్లా కాలం మారుతుంది. ఏళ్ళ తరబడి ఆడీ ఆడీ పాతబడిన ఆ షోని కొత్తగా చేసే పని ఈ పిల్ల చేతికొచ్చింది. మాటలన్నీ తనే తిరగరాసింది. ముందురోజు ఉద్యోగుల ఇళ్ళవాళ్ళ కోసం ఒకసారి ఆడిస్తే వీళ్ళంతా వెళ్ళి చూసొచ్చారు. ఏదైనా మార్చాలంటే ఈ సాయంత్రంలోగా చెప్పాలి. తర్వాత జనానికి తలుపులు తెరిచేస్తారు.

ఆ ఇంట్లో ముఖస్తుతి చెల్లదు. నాన్న దర్జీ. కుట్టిన చొక్కా తొడిగించి, ఏదో ఒక వంక చెప్పించుకుంటే గాని విప్పనివ్వడు. అదే పద్ధతి ఇంట్లోనూ పెట్టాడు. కూరైనా, మార్కులైనా, వచ్చిన సంబంధమైనా సరే, వంక చెప్పనివాళ్ళకి రెండో కాఫీ లేదు. ఆ కాఫీ పెట్టేది అమ్మ కాబట్టి ఆమెకి మాత్రం ఈ రూలు లేదు. ఆమెని ఎవరూ అడగరు.

అందరూ బల్ల చుట్టూ చేరాక విచారణ మొదలైంది. నాన్న బొమ్మ కాలరు ఒక పక్కకి లాగుతోందని నాన్న తేల్చాడు. రేపటి గదిలో జోకులు నిన్నటివేనని తమ్ముడు మూతి విరిచాడు. నానమ్మ తన బొమ్మ మరీ ముసలిదిగా ఉందని అలిగింది. పెద్దమ్మాయి గోళ్ళు కొరుకుతూ అన్నీ విని, అమ్మ బొమ్మ మాటేమిటని అడిగింది. దాని గురించి ఎవరికీ వంక దొరకలేదు. ఎవరు పిలిచినా వంటింటి గుమ్మంలోకి వచ్చి "వస్తున్నా, వస్తున్నా" అంటుంది ఆ బొమ్మ. అన్న ప్రతిసారీ నిన్న షోలో హాలంతా ఘొల్లుమంది. నాన్న గొంతు సన్నం చేసి ఆ మాటనే అని చూపిస్తే తమ్ముడు పొలమారేలా నవ్వాడు.

పెద్దమ్మాయి ఊపిరి పీల్చుకుని లేవబోయింది.

"నన్నడగలేదే" అంది అమ్మ, కాఫీ గిన్నె పట్టుకుని నిలబడి.

"నువ్వెప్పుడూ బాగుందనేగా అంటావు" అన్నాడు నాన్న.

"ఇవాళ అనను."

నాన్న నవ్వు ఆగింది.

"మీ నాన్న బొమ్మకి జుట్టు నెరిసింది. అత్తయ్య బొమ్మకి వినపడే మిషన్ వచ్చింది. చిన్నోడి బొమ్మ చంద్రుడి మీదకెళ్ళొచ్చింది. నేను మాత్రం మూడు గదుల్లోనూ ఆ గుమ్మంలోనే ఉన్నాను."

"అది బొమ్మ, అమ్మా. నువ్వని ఎవరన్నారు?"

"ఈ ఇంట్లో ఆ మాట ఇంకెవరంటారే?"

పెద్దమ్మాయికి ఒళ్ళు మండింది. ఇన్ని నెలలు నిద్ర మానుకుని చేసిన పని. మిగతా బొమ్మలన్నీ కొత్తగా చేయించామనీ, అమ్మ బొమ్మ పాతదే అయినా బాగానే పనిచేస్తోంది కాబట్టి దాన్ని ముట్టుకోలేదనీ గబగబా చెప్పుకొచ్చింది. "కూర్చోబెడదామంటే దానికి మోకాళ్ళు వంగవు. అయినా ఎవరికీ ఇబ్బంది లేదు కదా అని..." అంటూనే తన మాట తనకే వినపడి ఆగిపోయింది.

పిల్ల కష్టపడి చేస్తే పొద్దున్నే ఈ గోలేమిటని నాన్న విసుక్కున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పమన్నది మీరే కదా అంది అమ్మ.

"జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. నిన్న సరే, అయిపోయింది. నేడు సరే, ఉన్నదదే. రేపట్లో కూడా నాకింతేనా అనిపించిందే."

పెద్దమ్మాయి కళ్ళు నిండిపోయాయి. అమ్మ చేతిలోంచి గిన్నె తీసుకుని బల్ల మీద పెట్టింది.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నిన్నడగలేదమ్మా. సిగ్గుగా ఉంది. ఇప్పుడు చెప్పు, మూడో గదిలో నువ్వెక్కడుండాలి? బొమ్మని కొత్తగా చేయిస్తాను. సోఫాలో కూర్చోబెట్టనా?"

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"వద్దు. ఇంట్లో లేనని చెప్పు."

"ఎక్కడికెళ్ళావని చెప్పను?"

"అది వాళ్ళకెందుకు?"

నానమ్మ అందరికంటే ముందు తేరుకుంది. "నా బొమ్మని కూడా దాంతో పంపించెయ్యవే" అంది. అమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. పెద్దమ్మాయి ఆమెని గట్టిగా పట్టుకుంది.

షో మొదలైన రోజు ఇంటిల్లిపాదీ వెళ్ళారు. మూడో గది వచ్చింది. బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి "అమ్మా" అని పిలిచాయి. గుమ్మం ఖాళీగా ఉంది. ఎక్కడికెళ్ళిందని నాన్న బొమ్మ అడిగితే, చెప్పలేదంది పిల్ల బొమ్మ. హాల్లో ఒక్క నవ్వు లేదు. పెద్దమ్మాయి మళ్ళీ గోళ్ళు కొరకడం మొదలుపెట్టింది. అంతలో వెనక వరుసలో ఒకావిడ కిసుక్కున నవ్వింది. తర్వాత ఇంకొకావిడ. కాసేపటికి హాల్లో ఆడవాళ్ళందరూ నవ్వుతున్నారు. నాన్న కుర్చీలో ఇటూ అటూ కదిలాడు.

బయటికొచ్చాక అమ్మ చేతిసంచి భుజానికి తగిలించుకుంది.

"మీరెళ్ళండి. నేను తర్వాత వస్తాను."

"ఎక్కడి..." అని నాన్న మొదలుపెట్టాడు. పెద్దమ్మాయి ఆయన చెయ్యి నొక్కింది. ఆ ప్రశ్న తన నోటిదాకా కూడా వచ్చింది. మింగేసింది.

"నెమ్మదిగా రా అమ్మా" అంది.

అమ్మ జనంలో కలిసిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. పెద్దమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, ఆమె కనపడకుండా పోయేదాకా అక్కడే నిలబడింది.