చిన్నరైలు ఇత్తడి పలక

చింతామణి నుండి వచ్చిన యశోదమ్మ, చిక్కబళ్ళాపురంలోని పరిశోధకుడు వెంకటరమణప్ప ఎదుట కూర్చుంది.

“అప్పా, మా మామ నిన్నటినుండి ముద్ద ముట్టలేదు. మా మరిది దేవరాజ్‌ను అందరూ దొంగ అంటాండారు. మామకూ అదే అనుమానం.”

ఆమె మామ నరసింహప్ప. ఆయన తండ్రి దొరలకాలంలో బంగారు గనులకు కట్టెలు మోసిన చిన్నరైలుకు డ్రైవరు. ఆ పట్టాల నడుమ ఎడము రెండున్నర అడుగులే. వాటిని పెకలించి పెద్ద పట్టాలు వేసినా, ఇంజను ఇత్తడి పలక ఆ ఇంట నిలిచింది. దానిని దేవరాజ్ ముందురోజు ఉదయం రైలు ప్రదర్శనకు అప్పగించాడు. మధ్యాహ్నానికే నిర్వాహకుడు పురుషోత్తమ్, అది కొత్తగా పోతపోసిన నకిలీ అని ప్రకటించాడు.

“పురుషోత్తమ్ మునుపెప్పుడైనా పలకను చూచినాడా?”

“పోయిన ఆయుధపూజనాడు బొట్టు పెట్టినాక ఫోటో తీసుకొన్నాడప్పా. ఒకసారి కొండరాయి దొర్లి పలకకే తగిలింది, డ్రైవరు తాత బతికిపోయినాడు. ఆ సొట్టలోనే మేము బొట్టు పెట్టేది.”

వెంకటరమణప్ప లేచి ఉత్తరీయం సర్దుకొన్నాడు. సహాయకురాలు చైత్ర విస్తుపోయింది. “అప్పుడే తేలిపోయిందా సార్?”

“పెద్దాయన పస్తుండగా ఆలస్యం అధర్మమమ్మా.”

సాయంకాలం ప్రదర్శనశాలలో అందరూ చేరారు. వెంకటరమణప్ప పలక ఉన్న అద్దాలపెట్టె తెరిపించి, “అమ్మా, ఇంట్లో పెట్టినట్లే బొట్టు పెట్టు” అన్నాడు.

పురుషోత్తమ్ నవ్వాడు. “నకిలీకి పూజలా స్వామీ!”

“పూజ కాదప్పా, పరీక్ష.”

యశోదమ్మ కన్నులు మూసుకొని కుంకుమవేలు చాచింది. వేలు నున్నని ఇత్తడిపై అటూ ఇటూ తడుముకొంది.

“అప్పా! సొట్ట యాడ?”

“దేవరాజ్ చేయించి ఉంటే సొట్టను మరచేవాడు కాడు, పుట్టింది మొదలు ఎరిగినదే” అన్నాడు వెంకటరమణప్ప. “బొట్టు పెట్టిన పలకను మాత్రమే చూచినవాడు దీనిని చేయించాడు. పురుషోత్తమ్! ఒక్క పూటలో నకలు తయారు కాదు. ఫోటో చూపి ముందే పోతపోయించావు. నకిలీ అని నీవే చాటితే అసలును నిన్ను అడిగేదెవరు? అసలు చేతికందాక సొట్ట చూచే ఉంటావు. నీకది పాత ఇత్తడికి తగిలిన మామూలు దెబ్బ. ఆ ఇంటికి అది దైవం.”

పురుషోత్తమ్ తల వంచాడు. “కారులో ఉండాది.”

చైత్ర తెచ్చిన పలకను నరసింహప్ప ఒడిలో పెట్టుకొని సొట్టను నిమిరాడు. కొడుకు వైపు చేయి చాచాడు.

“దేవరాజూ, ఈడికి రా నాయనా. నిన్ను దొంగ అన్న ఈ నోటికి నీవే ముద్ద పెట్టు.”