చల్లారిన నీళ్ళు

ఆ ఉదయం కూడా మంచు వాకిలిని సగానికి మూసేసింది. ఎచిగో కొండల్లో జనవరి అంటే అంతే. ఫుసాయె వణుకుతూ సోయా ముద్ద కలిపి మిసో చారు కాస్తుంటే, ఆమె భర్త తెయిజో కిటికీ బార్లా తెరిచి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. పట్నంలో తత్త్వశాస్త్రం చెప్పి రిటైరైన పంతులాయన. చలిని ఒంటితో ఎదుర్కొంటేనే మనిషికి తనెవరో తెలుస్తుందని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి భయపడి ఇన్నేళ్ళూ ఒక్క హీటరు కూడా ఆ గడప తొక్కలేదు.

కానీ ఇవాళ స్నానాల గది ముందు ఒక కిరోసిన్ హీటరు వెలుగుతోంది.

"ఎవరు తెచ్చారిది?"

"నేనే," అంది కూతురు మిజుహో. విడాకులు తీసుకుని పుట్టింటికి వచ్చి, ఊళ్ళో మందుల షాపులో పనిచేస్తోంది. "మొన్న స్నానం చేసి వచ్చి, బట్టలు మార్చుకుంటూ అమ్మ ఇక్కడే పడిపోయింది. ఆ చలికే పడిపోయింది."

"మెషీన్ వేడిలో ముడుచుకున్న ఒళ్ళు శవంతో సమానం."

"మొన్న శవమయ్యేది అమ్మ, నాన్నా! నీ సిద్ధాంతం కాదు."

తెయిజో ముఖం కందగడ్డ అయింది. గుమ్మం పక్కనున్న మంచు పార ఎత్తి హీటరు నడినెత్తిన కొట్టాడు. రేకు చొట్టపడి మంట ఆరిపోయింది. రెండో దెబ్బకు కిరోసిన్ చిమ్మి నేలంతా పారింది.

"అయ్యో, ఏమండీ," అంటూ ఫుసాయె గుడ్డ తీసుకుని పరుగెత్తుకొచ్చింది. ఆ మనిషికి అప్పుడు కూడా తుడవడమే తోచింది.

అది చూసి మిజుహోకు ఒళ్ళు మండింది. పార లాక్కుని సరాసరి తండ్రి రాసుకునే గదిలోకి వెళ్ళింది. అక్కడ దుప్పటి కప్పిన పొట్టి బల్ల, దాని కింద కణకణలాడే కుంపటి. బల్లను ఒక్క తన్ను తన్నింది. నిప్పులు చాప మీద చెదిరి పొగ లేచింది. పార తిప్పి కొడితే కిటికీ అద్దాలు భళ్ళున పగిలాయి.

"ఇప్పుడు కూర్చుని రాయి, చలి గొప్పదని," అని అరిచింది. "కాళ్ళ కింద నిప్పులు పెట్టుకుని లోకానికి పాఠాలా? సాయంత్రం తొలి స్నానం నీది. తొట్టిలో పొగలు కక్కే నీళ్ళలో నానతావు. నీ తరువాత అవే నీళ్ళలో నేను. ఆఖరున ఆ నీళ్ళలోనే అమ్మ. ఎప్పుడైనా వేలు పెట్టి చూశావా?"

"అది ఇంటి ఆచారం. నోరు మూసుకో," అన్నాడు వెనకే వచ్చిన తెయిజో.

"మూసుకోను."

తెయిజో పార గుంజుకున్నాడు. ఎత్తాడు. తాను ఎత్తినది కన్నకూతురి మీదకని ఆ క్షణంలో ఆయనకు తెలియలేదు. మధ్యలోకి ఫుసాయె చెయ్యి వచ్చింది. చలికి పగిలి వాచిన చెయ్యి, పార అంచు తగిలి అరచేయి నిలువునా చీలింది. మంచులో నుంచి వచ్చే తెల్లటి వెలుతురులో ఆ రక్తం మరీ ఎర్రగా కనిపించింది.

"చాలు," అంది ఫుసాయె. "ముందు ఆ నిప్పులు ఆర్పండి. ఇల్లు అంటుకుంటుంది."

తల్లి చేతికి కట్టు కట్టించి తీసుకొచ్చాక, సాయంత్రం మిజుహో తనే నీళ్ళు కాచింది. "అమ్మ ముందు. తరువాత నేను. ఆఖరున నువ్వు," అంది. తెయిజో తల దించుకుని వసారాలో కూర్చున్నాడు. ఎముకలు కొరికే చలి.

తన వంతు వచ్చేసరికి తొట్టిలో ఆవిరి లేదు. దిగాడు. నీళ్ళు గోరువెచ్చగా కూడా లేవు, పైన రెండు వెంట్రుకలు తేలుతున్నాయి. మునిగితే వణుకు, లేస్తే ఇంకా వణుకు. పళ్ళు టకటకలాడాయి.

"ఫుసాయే, రోజూ ఇలాగేనా?"

గోడ అవతల నుంచి ఆమె గొంతు వినిపించింది. "ఇవాళ నయమేనండీ. మీ అమ్మగారూ, తమ్ముళ్ళూ ఉన్నప్పుడైతే అడుగున బురదే."

"మళ్ళీ కాచుకోవచ్చుగా?"

"ఒక్కదాని కోసం కట్టెలెందుకని మీ అమ్మగారు అనేవారు. తరువాత అలవాటైపోయింది."

అప్పుడు తొట్టి కింద పొయ్యిలో కట్టె చిటపటమంది. బయట మంచులో గొంతుక్కూర్చుని, కట్టు కట్టిన చేత్తో ఆమె ఆయన కోసం మంట వేస్తోంది. తెయిజోకు దుఃఖం ఆగలేదు.

"వెయ్యకు ఫుసాయే," అన్నాడు వెక్కుతూ. "నీకు దండం పెడతాను, లోపలికి వెళ్ళు. ఇవాళ నన్ను ఈ నీళ్ళలోనే ఉండనీ."