పోయిండు

గండిపేట చెరువు వెనక ఒడ్డున ఒక పాడుబడ్డ పంపుగది ఉంది. పగలు అక్కడ ఫొటోలు దిగేవాళ్లు దిగుతారు. పొద్దుగూకితే మాత్రం చేపలు పట్టేవాళ్లు కూడా పడవ తీసుకెళ్లి అవతలి ఒడ్డునే కట్టుకుంటారు. రాత్రిపూట ఆ గది వైపు నుంచి కర్ర చప్పుడు వస్తుందట. టక్... టక్. రెండే దెబ్బలు. వినపడితే విని ఊరుకోవాలి గాని, బదులు ఇవ్వకూడదు — ఇస్తే దగ్గరికొస్తుందంటారు. నేను చూడలేదు, విన్నాను. చెప్పినావిడ అబద్ధాలాడే మనిషి కాదు.

ఆవిడ పేరు భానుశ్రీ. పుట్టిల్లు బందరు, ఉద్యోగం గచ్చిబౌలిలో, కాపురం పుప్పాలగూడ అపార్ట్‌మెంట్లో రెండో అంతస్తు. ఏడేళ్ల కూతురు రసజ్ఞకి సముద్రం చూపిస్తానని ఏడాదిగా మాటిస్తోంది. ప్రతి శుక్రవారం ఆఫీసులో ఏదో ఒకటి కొంప మునుగుతుంది, శనివారమంతా లాప్‌టాప్ ముందే గడిచిపోతుంది. చివరికి భర్త రోహిత్ తేల్చేశాడు.

"గండిపేట అసలు పేరు ఉస్మాన్ సాగర్. పేరులోనే సాగరం ఉంది, అరగంట దూరం. టెంట్ కిరాయికి తెచ్చేశాను, పదండి!"

బందరు మనిషికి చెరువు చూపించి సముద్రం అంటే ఒళ్లు మండదూ? అయినా పిల్ల మొహం చూసి ఊరుకుంది.

శనివారం సాయంత్రం ఒడ్డంతా తిరిగారు. రసజ్ఞ గవ్వలనుకుని నత్తగుల్లలు ఏరింది. పంపుగదికి కాస్త ఇవతల టెంట్ వేసుకుని, కట్ట దిగువనున్న టీ కొట్టుకి వెళ్లారు. కొట్లో ఉన్న మనిషిని చూడగానే భానుశ్రీ గడప దగ్గరే ఆగిపోయింది.

కొమురమ్మ. వాళ్ల అపార్ట్‌మెంట్ పాత వాచ్‌మన్ మొగిలి భార్య.

మొగిలి అంటే రసజ్ఞకి ప్రాణం. రాత్రి గేటు దగ్గర గంటగంటకీ కర్రతో రెండు దెబ్బలు కొట్టేవాడు — మెలకువగానే ఉన్నానని చెప్పడానికి. ఆ చప్పుడుకి బాల్కనీలోంచి రెండు చప్పట్లు కొట్టడం రసజ్ఞ ఆట. నేర్పింది వాళ్ల నాన్నే. ఇంట్లో ఎవరు ఏది రెండుసార్లు తట్టినా తండ్రీకూతుళ్లు చప్పట్లు చరిచేవాళ్లు. ఆరు నెలల కిందట ఒక రాత్రి మొగిలి కుర్చీలో కునుకు తీస్తుంటే ఎవరో ఫొటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టారు. మర్నాడే అతన్ని పంపేశారు.

ఆ ఎవరో భానుశ్రీయే. మొగుడికి కూడా చెప్పలేదు.

"మొగిలి ఎలా ఉన్నాడు కొమురమ్మా?" అని అడిగింది, అడగకుండా ఉండలేక.

కొమురమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఏడున్నడమ్మా! పానం మంచిగ లేదు, నీళ్ల కాడికి పోవద్దంటే ఇంటడా? పోయిండు. ఇగ నేనొక్కదాన్నే ఈడ—"

ఇంతలో పాలు పొంగాయి. ఆవిడ అటు తిరిగింది.

భానుశ్రీ చేతిలో టీ అలాగే చల్లారిపోయింది. ఉద్యోగం ఊడినవాడు, ఒంట్లో బాగాలేనివాడు... నీళ్లలోకి పోయాడు. ఆ ఉసురు ఎవరికి తగలాలి? ఇంకెవరికి?

ఆ రాత్రి టెంట్లో రోహిత్ పడుకోగానే గుర్రు పెట్టాడు. మధ్యలో రసజ్ఞ. భానుశ్రీ కళ్లు మూసుకుంటే చాలు, గేటు, కుర్చీ, ఆ ఫొటో. ఎప్పటికో కన్ను మూతపడింది.

టక్... టక్.

కల అనుకుంది. కళ్లు తెరిచింది. గాలికి టెంట్ గుడ్డ ఊగుతోంది. దూరంగా, పంపుగది వైపు... మళ్లీ.

టక్... టక్.

ఆ వెంటనే చప్పట్లు. చిన్న చేతులవి. రెండు.

పక్కన తడిమింది. దుప్పటి ఉంది — పిల్ల లేదు. టెంట్ జిప్పు సగం తెరిచి ఉంది.

రోహిత్‌ని లేపాలని కూడా తోచలేదు. చెప్పుల్లేకుండా పరిగెత్తింది. నీళ్లంచున ఒక టార్చి వెలుగు ఊగుతూ వస్తోంది. వెలుగు వెనక గొంగడి కప్పుకున్న మనిషి. అతని వేలు పట్టుకుని, మోకాళ్ల దాకా తడిసిన గౌనుతో... రసజ్ఞ.

మనిషి దగ్గరికొచ్చాడు. గొంగడి జారింది.

మొగిలి.

భానుశ్రీ ఇసుకలో కూలబడిపోయింది. కాళ్లు వెనక్కి తిరిగి ఉన్నాయేమో చూసే ధైర్యం కూడా లేదు. రెండు చేతులూ జోడించింది.

"నా పిల్లని వదిలెయ్ మొగిలీ... ఆ ఫొటో తీసింది నేనే. నీ ఉద్యోగం తీయించింది నేనే. నన్ను తీసుకెళ్లు, దాన్ని వదిలెయ్..."

మొగిలి తెల్లబోయాడు.

"ఏందమ్మా ఇది? లెవ్వుండ్రి. బిడ్డ పరేషాన్ అయితది."

రసజ్ఞ వచ్చి ఒళ్లో పడింది. గౌను అంచు ఇంకా నీళ్లోడుతోంది. "తాత చెయ్యి వేడిగా ఉందమ్మా," అంది.

వేడిగా! భానుశ్రీ అతని చెయ్యి పట్టుకుని చూసింది. జ్వరం మనిషిలా కాలిపోతోంది.

"నువ్వు... పోయావని కొమురమ్మ చెప్పింది!"

"అవ్, పోయిన. చేపల వలలకు కావలి ఉంటున్న గద, పొద్దూకంగనే కట్ట మీదికి పోయిన." మాట నోట్లో ఉండగానే మొగిలికి విషయం అర్థమైంది. నవ్వాడు. "అయ్యో అమ్మా! మా దిక్కు పోయిండంటే పోయిండనే. సచ్చిపోతె సచ్చిపోయిండంటం."

బందరులో "పోయాడు" అంటే ఇక రాడని. ఇక్కడ పొద్దున్నే వస్తాడని. మూడేళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ ఆ మాత్రం తెలుసుకోనందుకు భానుశ్రీకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అంతలోనే నవ్వు ఆగిపోయింది. తను ఇందాక అన్నవన్నీ బతికున్న మనిషి విన్నాడు.

"మొగిలీ... ఆ ఫొటో..."

"నాకు ఎరికేనమ్మా," అన్నాడు అతను మెల్లగా. "మీ బాల్కనీల లైటు ఎలిగింది. ఆ దినం గూడ జరమే ఉండె."

అంతే అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది భానుశ్రీకి. తల దించుకుని, "తప్పయిపోయింది," అంది. "సోమవారం అందరికీ నేనే చెప్తాను. ఇంకెప్పుడూ మాత్రం ఆ కర్ర కొట్టి పిల్లని పిలవకు, చచ్చినంత పనైంది!"

మొగిలి మొహంలో నవ్వు పోయింది. చేతులు చూపించాడు. ఒక దాంట్లో టార్చి ఉంది. రెండోది ఖాళీ.

"నా కట్టె మీ గేటు కాడనే ఇడిసి వచ్చిన గదమ్మా. ఆ సప్పుడు ఇనే నేను గూడ గటు దిక్కు పోయిన. బిడ్డ నీళ్లల్ల నిలవడి సప్పట్లు కొడుతుండె. గా సప్పుడుకు బదులు ఇయ్యొద్దమ్మా, ఇస్తె దగ్గరికొస్తదంటరు."

"మరి... కొట్టిందెవరు?"

మొగిలి పంపుగది వైపు చూశాడు. గొంతు బాగా తగ్గించాడు.

"నాకంటె ముందు పంపు కాడ ఒకాయన కావలి ఉండె. రాత్రంత కట్టె కొట్టుకుంట తిరుగుతుండె. పోయిండు."

ఈసారి భానుశ్రీ తొందరపడలేదు. "పోయాడంటే... ఎక్కడికి?"

మొగిలి జారిన గొంగడిని మళ్లీ భుజాల మీదికి లాక్కున్నాడు.

"మీ మాట లెక్క పోయిండమ్మా."

టక్... టక్.

దూరంగా కాదు. కట్ట కింద, టెంట్ వెనకాల. భానుశ్రీ చటుక్కున కూతురి రెండు చేతులూ తన గుప్పిట్లో బిగించేసింది. రసజ్ఞ కదల్లేదు, మొగిలి ఊపిరి కూడా తీయలేదు. బదులు ఇవ్వకపోతే చాలు...

టెంట్లోంచి, నిద్రమత్తులో నవ్వుకుంటూ, రోహిత్ రెండు చప్పట్లు చరిచాడు.